ఆ రాత్రి సాత్తూరులో దిగినాము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు మా ఇండ్లకు వచ్చి అడిగినప్పుడు మేము జంకినాము. ఈ వేదికమీద ఏటేటా పంచాంగశ్రవణము జరుగుతుంది, పద్యాలు చదువుతారు, మన పూర్వులు ఈ నల్లరేగడి నేలకు వచ్చిన కథ పెద్దలు చెపుతారు. మేము పండితులము కాము. ముగ్గురము కోవిల్పట్టి వాళ్లము. తెల్లవారగానే బస్సెక్కి విరుదునగరుకు పోయి, చీకటి పడినాక తిరిగి వచ్చేవాళ్లము. మాలో ఒకరు మిరపకాయల మండీలో లెక్కలు వ్రాస్తారు. ఒకరు నూనె వర్తకుని కొట్లో గుమాస్తా. ఒకరు బడిపంతులు. వేదికమీద నిలిచినది ఒకరే ఐనా, చెప్పే సంగతి ముగ్గురిదీ. కాబట్టి “మేము” అనే చెప్పుకొంటాము. తప్పున్నా ముగ్గురము పంచుకొంటాము.

చెప్పబోయేది పండుగపూట చెప్పదగిన మాటేనా అని మాలో మాకే సందేహము కలిగినది. ఒక తాగుబోతు కథ అది. మాలో పెద్దవాడు అన్నాడు గదా: “ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేయనిదే అది పచ్చడి ఎట్లా ఔతుంది? మనము వేపపువ్వు వంతు పెట్టుకొందాము.” అందుచేత ధైర్యము తెచ్చుకొన్నాము.

పోయిన ఉగాదికి ముందటి సాయంకాలము. విరుదునగరు బజారులో పండుగ సామాను కొన్నాము. మామిడికాయలు, బెల్లము, చింతపండు. పంతులుగారు కొత్త పంచె ఒకటి కొన్నారు. బస్సులో కూర్చోవడానికి చోటు దొరికినది. విరుదునగరుకూ కోవిల్పట్టికీ నడుమ దూరము యాభై కిలోమీటర్లకు లోపే. నడిమధ్యకు కొంచెము ఇవతల సాత్తూరు, దాని పక్కన వైప్పారు నది. రోజూ పోయే దారి. కన్నులు మూసుకొన్నా ఏ మలుపు ఎక్కడో తెలుస్తుంది. ఇంటికి పోగానే వేపపువ్వు ఎవరు కోయవలెను, మామిడాకుల తోరణము ఎవరు కట్టవలెను అని మాట్లాడుకొంటున్నాము.

ఆర్.ఆర్. నగరు దాటిన తరువాత ఒకచోట బస్సు ఆగినది. ఒక మనిషి పైకి ఎక్కినాడు అనడముకంటె, మెట్లమీద పడినాడు అనడము సరి. నలభై ఏండ్ల లోపు వయస్సు. చొక్కాకు గుండీలు లేవు. కనుబొమ్మ మీద చర్మము చిట్లి నెత్తురు ఎండి ఉన్నది. పెదవి వాచినది. ఒక కాలికి చెప్పు లేదు. సారాయి వాసన బస్సంతా నిండిపోయినది. ఆ మనిషి ఇటూ అటూ తూలి, మా సీటు పక్కన నేలమీద చతికిలబడినాడు.

ఇప్పుడు మేము చేసినది చెప్పవలెను. అదే ఈ ప్రసంగములో కష్టమైన భాగము.

మేము కాళ్లు పైకి తీసుకొన్నాము. మామిడికాయల సంచి ఒళ్లోకి ఎత్తుకొన్నాము. ఒకరు చేతిరుమాలు ముక్కుకు అడ్డము పెట్టుకొన్నారు. వెనుక సీట్లో కుర్రవాళ్లు నవ్వినారు. “ఎవరో బాగానే మర్యాద చేసినట్లున్నారు” అని ఒకరు అన్నారు. మేమూ నవ్వినాము. ఔను, నవ్వినాము. కండక్టరు వచ్చి టిక్కెట్టు అడిగినాడు. ఆ మనిషి జేబు తడుముకొన్నాడు. జేబు చిరిగి ఉన్నది. “ఎరంగుయ్యా” అని కండక్టరు గద్దించినాడు. దింపివేస్తే మంచిదే అని మేమూ అనుకొన్నాము. రోడ్డు పక్కన చీకటి, తుమ్మచెట్లు, బొగ్గుకోసము నరికిన మోళ్లు. ఆ చీకట్లో దింపివేస్తే ఆ మనిషి ఏమౌతాడు అనే ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

అప్పుడు ఆ మనిషి తల వాల్చి, ఎవరినీ చూడకుండా అన్నాడు: “నైనా... నీల్లు... నైనా.”

మా ముగ్గురికీ ఒళ్లు జలదరించినది. నైనా! మన ఇండ్లలో తండ్రిని పిలిచే పిలుపు. ఈ కరిసల్ సీమలో మనవాళ్లు తప్ప ఎవరు ఆ మాట అంటారు? మండీ గుమాస్తా ఒక్క ఉదుటున లేచి, “వీడు మనవాడురా” అన్నాడు. ఒక్క నిముషము క్రితము చీదరగా ఉన్న మనిషి, ఆ ఒక్క మాటతో మనవాడైపోయినాడు. టిక్కెట్టు డబ్బులు మేము ఇచ్చినాము. నీళ్ల సీసా మూత తీసినాము. నోటికి అందించబోయినాము.

“తణ్ణి కుడుక్కాదీంగ అణ్ణాచ్చి!”

ఎదుటి సీట్లోనుండి ఒక ఆడమనిషి గట్టిగా అరిచినది. నీళ్లు ఇవ్వవద్దు అని. నలభై అయిదేండ్లు ఉంటాయి. వేళ్ల చివళ్లు నల్లబడి, గోళ్ల సందుల్లో మందు పట్టి ఉన్నవి. అగ్గిపెట్టెల కార్ఖానాలో పనిచేసే చేతులని ఈ ఊళ్లలో ఎవరికైనా తెలుస్తుంది. ఆమె లేచి వచ్చి, నేలమీద కూర్చొని, ఆ మనిషి చెంప తట్టి పేరు అడిగినది. జవాబు సగమే వచ్చినది. కన్ను రెప్ప ఎత్తి, సెల్‌ఫోను వెలుగు వేయుమని మాతో చెప్పినది. ఒక కంటిపాప పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉన్నవి. అది మేమూ చూచినాము. చూచినామేగాని దాని అర్థము మాకు తెలియదు.

“ఇది తాగుడు మత్తు మాత్రమే కాదు. తలలో దెబ్బ ఉన్నది. మా ఇంట్లో ఆయనకు ఇట్లాగే ఐనది” అన్నది ఆమె. తరువాత, సాత్తూరులో బల్లమీద కూర్చొన్నప్పుడు, ఆ కథ చెప్పినది. ఆమె భర్త తాగి, సైకిలు మీదినుండి పడినాడు. తోటివాళ్లు మోసుకొనివచ్చి అరుగుమీద పడుకోబెట్టినారు. నిద్రపోతే మత్తు దిగుతుందని అందరూ అన్నారు. గురక పెట్టినాడు, బాగా నిద్రపోతున్నాడనుకొన్నారు. తెల్లవారేసరికి ప్రాణము లేదు. “తాగినాడు, తాగినాడు అన్నారే గాని, పడినాడు అని ఒక్కరైనా అనలేదు అణ్ణాచ్చి” అన్నది. ఆమె ఏడవలేదు. మాకే కన్నులు చెమర్చినవి.

ఆమె చెప్పినట్లే చేసినాము. మెడ మెలిపడకుండా తలనూ ఒంటినీ ఒక్కసారిగా తిప్పి, పక్కకు ఒరిగించి పడుకోబెట్టినాము. వాంతి ఐతే ఊపిరితిత్తులలోనికి పోకుండా ఉండడానికి. తల కింద పెట్టడానికి మెత్తనిది కావలసివచ్చినది. పంతులుగారు పండుగ పంచె మడత విప్పకుండానే తల కింద పెట్టినారు. అప్పటిదాకా గద్దించిన కండక్టరే 108కి ఫోను చేసి, సాత్తూరు బస్‌స్టాండుకు బండి రమ్మన్నాడు. ఆయన దుర్మార్గుడు కాడు. ట్రిప్పు ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవలసినవాడు. తాగుబోతుల గొడవలు నెలకు ఎన్నో చూచినవాడు. తాగినవాడు అనే ఒక్క మాట ఆయన కంటికీ గంత కట్టినది, మా కంటికీ కట్టినది.

సాత్తూరులో దిగినాము. బస్సు మమ్ములను వదలి పోయినది. ఆమె కూడా మాతో దిగినది. ఇంటికి ఫోను చేస్తే, “పండుగ ముందు రాత్రి తాగుబోతు వెంట మీకేమి పని?” అని గదమాయింపు వచ్చినది. పోలీసులు పట్టుకొంటారని ఒకరి ఇంట్లో ఏడ్చినారు. బండి వచ్చినది. అందులోని ఉద్యోగి కంటిపాపలు చూచి, వేలికి సూది గుచ్చి చక్కెర చూచి, మారు మాట లేకుండా ఎక్కించుకొన్నాడు. మాలో ఇద్దరము వెంట పోయినాము. అక్కడినుండి పెద్ద ఆసుపత్రికి పంపినారు. పుర్రెకూ మెదడుకూ మధ్య నెత్తురు చేరినదని, ఆ రాత్రే పుర్రెకు రంధ్రము చేసి తీసివేసినారని మరునాడు తెలిసినది. ఇంకొక రెండు గంటలు ఆలస్యమైతే చేయగలిగినది ఉండేది కాదని డాక్టరుగారు అన్నారు. పోయిన ఏడాది ఉగాదినాడు మేము ఈ సభకు రాలేదు. ఎందుకు రాలేదో ఈనాడు చెప్పుకొంటున్నాము.

కథ ఇంతటితో ముగిస్తే మేము మంచివాళ్లమైపోతాము. కాని ఇంకొక సంగతి ఉన్నది.

పది పన్నెండు రోజుల తరువాత ఆసుపత్రికి చూడబోయినాము. మంచము పక్కన అక్కగారు ఉన్నది. మేము ఉత్సాహముగా తెలుగులో పలకరించినాము. ఆమె తెలుగులోనే జవాబు చెప్పినది, కాని కొంచెము తడుముకొన్నది. “మీది ఏ ఇంటిపేరు?” అని అడిగినాము. ఆమె నవ్వినది. వాళ్లు తెలుగువాళ్లు కారు. ఊళ్లో తెలుగు వీధి పక్కన వాళ్ల వీధి. చిన్నతనములోనే తల్లి పోతే, తెలుగువాళ్ల ఇంటి పశువులు కాచుతూ ఆ ఇంట్లోనే అన్నము తిని తమ్ముడు పెరిగినాడు. ఆ ఇంటి పెద్దాయనను ఇంట్లో పిల్లలతో పాటు నైనా అనే పిలిచేవాడు. ప్రాణము మీదికి వచ్చినప్పుడు నోట ఆ పిలుపే వచ్చినది.

మేము మెట్లు దిగి, చెట్టు కింద నిలుచున్నాము. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. చివరకు పంతులుగారు అన్నారు: “వాడు అప్పా అని మూలిగి ఉంటే?”

అయ్యలారా, అమ్మలారా, ఆ ప్రశ్నకు జవాబు మాకు తెలుసు. అప్పా అని మూలిగి ఉంటే మేము కాళ్లు పైకి పెట్టుకొనే కోవిల్పట్టిదాకా వచ్చి ఉండేవాళ్లము. వేపపువ్వు కోసుకొని, పచ్చడి తిని, ఈ సభలో ముందు వరుసలో కూర్చొని ఉండేవాళ్లము. మా పొరపాటు వాడి ప్రాణము నిలిపినది. మా మంచితనము కాదు. భాష అడగకుండా, కులము అడగకుండా లేచినది ఆ అగ్గిపెట్టెల అమ్మ ఒక్కతే. ఆమె పేరు కూడా మేము అడగలేదు. బండి పోయిన తరువాత ఆమె ఏ బస్సెక్కినదో చూడనూ లేదు.

మన సంఘము ఎందుకున్నది? మన మాట మరచిపోకుండా ఉండడానికి. అది మంచి పని; దానిని ఎవరూ తక్కువ చేయలేరు. ఈ సీమలో మన కథ వ్రాసిన పెద్దాయన కి. రాజనారాయణన్ గారు. కోవిల్పట్టి పక్కన ఇడైసెవల్ ఆయన ఊరు. తెలుగు ఇంట పుట్టి, తమిళములో వ్రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినారు. 2021 మే 17న కాలము చేసినారు. తమిళ పాఠకులు ఆయనను ఆప్యాయముగా నైనా అనే పిలిచేవారు. చూడండి, ఆ పిలుపు మన ఇండ్లకు మాత్రమే చెందినదని మేము ఎట్లా అనుకొన్నామో! 1976లో వచ్చిన ఆయన నవల ‘గోపల్ల గ్రామము’లో తెలుగుదేశము విడిచి, ప్రాణభయముతో దక్షిణానికి వచ్చిన కుటుంబాల కథ ఉన్నది. ఆ కథ మన ముత్తవ్వలు మనకూ చెప్పినారు. వాళ్లు ఎట్లా వచ్చినారు? కాళ్లు పగిలి, బట్టలు చిరిగి, ఆకలితో, భాష తెలియని చోటికి వచ్చినారు. ఆనాడు ఈ నేలమీద ఎవరో ఒకరు, “వీళ్లు మనవాళ్లు కారు” అని తలుపు వేసుకోకుండా నీళ్లు పోసి ఉంటారు. ఆ నీళ్ల అప్పు మనమీద ఉన్నది. ఎట్టయపురములో పుట్టిన భారతి తమిళ కవి. ఐనను తన పాటలో తెలుగును సుందరమైనదని మెచ్చుకొన్నాడు. ఈ సీమ మన భాషను అంత గౌరవించినది. మనము ఈ సీమ మనుషులను ఆ మాత్రము గౌరవించవద్దా?

ఇక తాగుడు మాట. మీలో కొందరు, “తాగినవాడికి తగిన శాస్తి” అని మనసులో అనుకొంటున్నారని మాకు తెలుసు. మేమూ ఆ మాటే అనుకొన్నవాళ్లము. మద్యనిషేధము ఈ రాష్ట్రానికి కొత్త కాదు. 1937లో రాజాజీ ప్రభుత్వము మొదట సేలము జిల్లాలో పెట్టినది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వచ్చినది. మన విరుదునగరు బిడ్డ కామరాజు ముఖ్యమంత్రిగా ఉన్న 1954 నుండి 1963 దాకా అది అమలులోనే ఉన్నది. 1971లో ఎత్తివేసినారు, కొన్నేండ్లకు మరల పెట్టినారు, 1981లో మరల సడలించినారు. 1983లో ప్రభుత్వమే టాస్మాక్ అనే సంస్థను పెట్టినది. 2003లో చిల్లర అంగళ్లు కూడా దాని చేతికే వచ్చినవి. మన ఆంధ్రదేశములో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొంటున్న ఆడవాళ్లు సారాకు ఎదురు నిలిచినారు. ఆ ఉద్యమము రాష్ట్రమంతా అంటుకొని, 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ నిషేధానికీ దారి తీసినది. 1997లో అది కూడా సడలినది. అంగడి ఉండవలెనా వద్దా అన్నది పెద్ద ప్రశ్న. దానిమీద ఈ సభలోనే రెండు పక్షాలు ఉండవచ్చును. కాని అంగడి తెరిచి ఉన్నా, మూసి ఉన్నా, దారిలో పడి ఉన్న మనిషిని ఏమి చేయవలెను అన్నదానికి రెండు పక్షాలు లేవు.

డాక్టరుగారు మాకు చెప్పిన నాలుగు మాటలు మీకు అప్పగిస్తాము. ఇవి గుర్తుపెట్టుకొంటే చాలు. మా ప్రసంగము మరచిపోయినా ఫరవాలేదు.

మొదటిది: సారాయి వాసన ఉన్నంతమాత్రాన మత్తు సారాయిదే అని తేల్చరాదు. తాగినవాడే ఎక్కువగా పడతాడు, తాగినవాడికే ఎక్కువగా దెబ్బలు తగులుతవి. ఏండ్ల తరబడి తాగేవాడికి మెదడు కొంత కుంచించుకొనిపోతుంది. కాలేయము చెడితే నెత్తురు సరిగా గడ్డకట్టదు. కాబట్టి చిన్న దెబ్బకే పుర్రె లోపల నెత్తురు కారవచ్చును. మొదట బాగానే మాట్లాడి, గంటలు గడిచినకొద్దీ మగతలోకి జారవచ్చును. మత్తు ఐతే కాలము గడిచినకొద్దీ దిగుతుంది. దెబ్బ ఐతే ఎక్కుతుంది. ఆ తేడా చూడవలెను. మాటిమాటికీ వాంతి, ఫిట్సు, కంటిపాపలలో తేడా, ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పడము, చెవినుండి గాని ముక్కునుండి గాని నెత్తురో నీరో కారడము, లేపినా లేవకపోవడము, వీటిలో ఏది కనబడినా ఆలస్యము చేయరాదు.

రెండవది: చక్కెర జబ్బువాళ్లకు నెత్తురులో చక్కెర పడిపోతే తూలుతారు, మాట తడబడుతుంది, చెమట పడుతుంది, కోపముగా కూడా మాట్లాడుతారు. తాగకపోయినా తాగినట్లే కనబడుతారు. మన ఇండ్లలో ఆ జబ్బు లేని ఇల్లు ఏది? రేపు బజారులో మన తండ్రి అట్లా తూలితే, జనము ఏమనుకొంటారో ఆలోచించండి.

మూడవది: తెలివి సరిగా లేనివాడికి నీళ్లు, కాఫీ, మజ్జిగ ఏదీ నోట పోయరాదు. దాహము తీర్చడము పుణ్యమే. కాని అది ఊపిరితిత్తులలోనికి పోతే ప్రాణము తీస్తుంది. మేము ఆ పుణ్యము చేయబోయి పాపము చేసి ఉండేవాళ్లము. ఊపిరి ఆడుతుంటే పక్కకు ఒరిగించి పడుకోబెట్టి, ఒంటరిగా వదలక, 108కి ఫోను చేయవలెను. ఆ 108 బండి 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైనది. 2008లో తమిళనాడుకు వచ్చినది. తెలుగునాటనుండి ఈ నాటికి వచ్చిన మంచి కానుక అది.

నాలుగవది: పోలీసుల భయము. ఏ డాక్టరైనా ప్రాణాపాయములో ఉన్నవాడికి ముందు చికిత్స చేయవలెను, కాగితాలు తరువాత అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పినది. రోడ్డు ప్రమాదములో గాయపడినవాడికి సాయము చేసినవాళ్లను వేధించరాదని 2016లో ఆదేశించినది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, అట్టివాళ్లకు రక్షణగా 134ఏ అనే సెక్షను చేర్చినారు. పేరు చెప్పుమని కూడా బలవంతము చేయరాదు. మమ్ములను ఆ రాత్రి ఎవరూ వేధించలేదు. టీ తాగి పొమ్మన్నారు, అంతే.

ఇంకొక మాట. ఆ మనిషి తాగుడు మానినాడా అని ఇంట్లో అందరూ అడుగుతారు. అబద్ధము చెప్పము. మూడు నెలలు మానినాడు. తరువాత ఒకసారి తాగినాడు. అక్క మాకు ఫోను చేసి ఏడ్చినది. మరల డాక్టరుగారి దగ్గరకు తీసుకొనిపోయినాము. తాగుడు ఒక జబ్బు, కొందరికి మాటిమాటికీ తిరగబెట్టే జబ్బు అని ఆయన చెప్పినారు. చాలా కాలముగా రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానివేస్తే వణుకు, ఫిట్సు, భ్రమలు రావచ్చును. అది ప్రాణాంతకము కూడా కావచ్చును. కాబట్టి వైద్యుని చేతికింద మానవలెనన్నారు. మనము ఇంట్లో గదిలో పెట్టి తాళము వేయడమే వైద్యమనుకొంటాము. సలహా కావలసినవాళ్లు 14416 అనే నంబరుకు ఫోను చేయవచ్చును. 2022లో కేంద్రప్రభుత్వము పెట్టిన టెలీ మానస్ అది. తమిళములోనూ తెలుగులోనూ మాట్లాడుతారు. ఇప్పుడు ఆ మనిషి ఒక కిరాణా అంగడిలో పనిచేస్తున్నాడు. ఎడమచేయి ఇంకా పూర్తిగా స్వాధీనములోనికి రాలేదు. ఆ చేతితో మూట ఎత్తలేడు గాని, పొట్లము కట్టగలడు. కొట్టినవాళ్లు ఎవరో ఈనాటికీ తెలియదు. అప్పు అడిగినవాళ్లా, దొంగ అనుకొన్నవాళ్లా, తోటి తాగుబోతులా, వాడికే జ్ఞాపకము లేదు.

మన సంఘానికి మేము ఒక్క కోరిక విన్నవించుకొంటాము. ఏటా మనము పిల్లలకు పద్యాల పోటీ పెడతాము, ముగ్గుల పోటీ పెడతాము. ఈ ఏడాదినుండి, ఒక ఆదివారము ప్రథమ చికిత్స నేర్పించే ఏర్పాటు చేయండి. తెలుగు పిల్లలకే కాదు. వీధిలో ఉన్న పిల్లలందరికీ. మీలో అగ్గిపెట్టెల కార్ఖానాలు, పల్లీ మిఠాయి కొట్లు, మండీలు నడిపేవారు ఉన్నారు. మీ దగ్గర పనిచేసే ఆడవాళ్లను అడగండి. ఆ రాత్రి సాత్తూరులో మాతో దిగిన అమ్మ ఎక్కడైనా ఉంటే, మాకు చెప్పండి. వచ్చే ఉగాదికి ఆమెను ఈ వేదికమీద కూర్చోబెట్టవలెనని మా ఆశ. ఆమెకు తెలుగు రాకపోతే మనము తమిళములో మాట్లాడుదాము. మనకు రాదా ఏమి?

పంతులుగారి పండుగ పంచె సంగతి చెప్పి ముగిస్తాము. ఆసుపత్రినుండి అది మూటగా తిరిగి వచ్చినది. ఇంట్లో అమ్మగారు ఉతికినారు, చాకిరేవుకు వేసినారు, నిమ్మరసము పెట్టినారు. అంచు దగ్గర మచ్చ పోలేదు. పారవేయుమన్నారు. పంతులుగారు పారవేయలేదు. ఈ పూట ఆయన కట్టుకొని వచ్చినది ఆ పంచెనే. ముందు వరుసలో కూర్చున్న పిల్లలు ఇందాకటినుండి ఆ మచ్చను చూచి గుసగుసలాడుకొంటున్నారు. మీరు చూచినది నిజమేరా అబ్బాయిలూ. అది ఉతికితే పోయేది కాదు.

అందరికీ కొత్త సంవత్సరము శుభము చేయుగాక. సెలవు.